జైపాల్ సింగ్ ముండా

ఆటస్థలమున ఆటగాని క్షేమము కొరకు పెద్దలు అనేకములైన ఏర్పాట్లు చేసియున్నారు. హాకీ ఆటలో గోలు కాయువాడు కాళ్ళకు దళసరి కవచములు కట్టుకొనును. క్రికెట్టు ఆడువాడు తలకు టోపీవంటి రక్షణ ధరించును. కబడ్డీ ఆడు చోట రాళ్ళను, ముళ్ళను ఏరివేసి నేలను మెత్తన చేయుదురు. ఎవరికైనను దెబ్బ తగిలినచో ఆట నిలిపి మందు వేయుదురు. ఇవి యన్నియు శరీరమునకు తగులు గాయములను గూర్చిన జాగ్రత్తలు. కాని ఆటస్థలమున మాటవలన తగులు గాయము మరియొకటి కలదు. అది కంటికి కనబడదు. దానినుండి రక్తము కారదు. అయినను అది పెద్దకాలము మానదు.

మన ప్రాంతమునే చూడుడు. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం మండలములందు కోయగూడెములు కలవు. ఆ జిల్లాలోను, జనగామ జిల్లాలోను లంబాడీ తండాలు అనేకములు. భూపాలపల్లి జిల్లాలోని అడవి పల్లెలలో కోయలు, నాయకపోడులు నివసించుచున్నారు. ఈ గూడెములనుండియు, తండాలనుండియు వచ్చిన బాలబాలికలు ఆశ్రమ పాఠశాలలలో చదువుచు పరుగుపందెములందును, కబడ్డీయందును, విలువిద్యయందును చురుకుదనము చూపుచున్నారు. 2019 వరకు భూపాలపల్లి జిల్లాలో నుండి, ఇప్పుడు ములుగు జిల్లాలో చేరిన మేడారమున రెండేండ్లకొకమారు గొప్ప జాతర జరుగును. అచట పూజలందుకొను సమ్మక్క సారలమ్మలు కోయల ఆడపడుచులు. లక్షలాది జనులు వారి గద్దెల యెదుట మ్రొక్కి బెల్లమును బంగారముగా సమర్పింతురు. ఆ తల్లుల వంశమున పుట్టిన బాలుడు పందెమున ముందు పరుగెత్తుచుండగా, అంచున నిలిచినవాడొకడు అడవివాడని వెక్కిరించినచో, ఆ గెలుపు వానికి చేదగును. గద్దెయొద్ద మ్రొక్కిన నోరే మైదానమున నిందించుట ఎంత వింత!

ఇట్టి మాటను చిన్ననాటినుండి వినుచు, దానికి తలవంచక, హాకీ ఆటలో దేశమునకు నాయకుడై, పిమ్మట దేశపు శాసనములను వ్రాయు సభలో తన జనుల పక్షమున నిలిచిన పురుషుడొకడు కలడు. ఆయనయే జైపాల్ సింగ్ ముండా.

జైపాల్ సింగ్ 1903వ సంవత్సరము జనవరి 3వ తేదీన నేటి ఝార్ఖండ్ రాష్ట్రమున ఖూంటీ ప్రాంతములోని టక్రా అను పల్లెలో జన్మించెను. ఆయన ముండా తెగకు చెందినవాడు. తల్లిదండ్రులు తొలుత పెట్టిన పేరు ప్రమోద్ పాహన్. ముండాల గ్రామములలో దేవతలకు పూజ సలుపు పెద్దను పాహన్ అందురు. చుట్టును సాలవృక్షముల అడవి, ఎఱ్ఱని నేల, చిన్న కొండలు. ఆ పల్లె పిల్లలందరివలెనే ఆ బాలుడును పశువులను కాచుచు పెరిగెను.

ఆయన పుట్టుటకు రెండున్నర యేండ్లకు ముందే, 1900వ సంవత్సరము జూన్ నెలలో, ముండాల నాయకుడైన బిర్సా రాంచీ చెఱసాలలో మరణించియుండెను. తమ పూర్వులు అడవి నరికి సాగుచేసికొన్న భూములు పరుల పాలగుచుండుట చూచి సహింపలేక బిర్సా ప్రజలను కూడగట్టి ఆంగ్ల ప్రభుత్వము నెదిరించెను. ఆ తిరుగుబాటు అణచివేయబడెను. కాని దాని ఫలముగా 1908లో ఛోటానాగపూర్ కౌలు చట్టము పుట్టెను. ఆదివాసుల భూములు ఇతరుల చేతికి సులభముగా పోకుండ ఆ చట్టము అడ్డు నిలిచెను. అన్యాయమును చూచి ఆవేశపడుట ఒక యెత్తు. ఆ అన్యాయము మరల జరుగకుండ నియమమును వ్రాయించుట మరియొక యెత్తు. ఈ రెండవదాని విలువ జైపాల్ పుట్టిన నేలకు ముందే తెలిసియుండెను.

బాలుని తెలివిని చూచి పెద్దలు రాంచీలోని సెయింట్ పాల్ పాఠశాలలో చేర్చిరి. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు కాస్‌గ్రేవ్ అను క్రైస్తవ మతాచార్యుడు. శిష్యుని చదువునందును, ఆటయందును గల నేర్పు ఆయనను ఆకర్షించెను. 1918లో ఆయన స్వదేశమునకు పోవుచు జైపాల్‌ను తన వెంట ఇంగ్లండునకు తీసికొనిపోయెను. పదునైదేండ్ల ముండా బాలుడు సముద్రము దాటి, చలిదేశమున కాలుమోపెను. కొంతకాలము కాంటర్‌బరీలో చదివి, పిదప ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున సెయింట్ జాన్ కళాశాలలో చేరెను. అచట అర్థశాస్త్రమున ఆనర్సు పట్టమును పొందెను. వక్తృత్వమునందును పేరు గడించెను.

అన్నిటికంటె మిన్నగా ఆయనకు కీర్తి తెచ్చినది హాకీ ఆట. గోలు కాయువానికి ముందుగా, మిగిలిన జట్టున కంతకు వెనుకగా నిలుచు స్థానము ఆయనది. ముందువరుసవాడు గోలు కొట్టినప్పుడు జనులు చప్పట్లు కొట్టుదురు. వెనుకవరుసవాడు గోలు పడకుండ ఆపినప్పుడు తఱచుగ గమనింపనైన గమనింపరు. అయినను ఆ చోట నిలుచువాడు నిదానస్థుడై యుండవలెను. ఎదుటివాని కాలికి కఱ్ఱ తగులకుండ బంతిని మాత్రమే అందుకొనవలెను. జైపాల్ ఆట అట్టిది. ఎదుటివాని యెత్తు ముందే కనిపెట్టుట, తప్పు చేయక బంతిని లాగుకొనుట, దానిని బలముగా దూరమునకు కొట్టుట, ఈ మూడును ఆయన ప్రత్యేకతలు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము తన మేటి ఆటగాండ్రకు ఇచ్చు ‘బ్లూ’ అను గౌరవము హాకీలో ఆయనకు లభించెను. ఆ ఆటలో ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడు ఆయనయే.

చదువు ముగిసిన పిదప జైపాల్ ఐ.సి.ఎస్. ఉద్యోగమునకు ఎంపికయ్యెను. ఆనాడు ఆ ఉద్యోగము దొరకుట సామాన్య విషయము కాదు. ఒక జిల్లాకు అధిపతియై, జీవితాంతము కొఱత లేక బ్రతుకవచ్చును. ఆయన ఇంగ్లండులో శిక్షణ పొందుచుండగా 1928వ సంవత్సరము వచ్చెను. ఆ యేడు హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డాం నగరమున ఒలింపిక్ క్రీడలు జరుగనుండెను. భారతదేశపు హాకీ జట్టు మొట్టమొదటిసారిగా ఆ క్రీడలకు పోవుచుండెను. ఆ జట్టునకు నాయకత్వము వహింపుమని జైపాల్‌కు పిలుపు వచ్చెను.

ఆయన సెలవు కోరెను. అధికారులు నిరాకరించిరి. ఒకవైపు కోరినంత హోదా గల ఉద్యోగము. మరియొకవైపు జీతము లేని ఆట. ఒక క్షణము ఆలోచింపుడు. పశువులు కాచిన ఇంటినుండి వచ్చిన యువకునకు ఆ ఉద్యోగము ఎంత విలువైనదో! అయినను ఆయన దేశము పిలిచిన పిలుపునే మిన్నగా తలచి, సెలవు లేకయే ఆమ్‌స్టర్‌డాం నగరమునకు బయలుదేరెను.

ఆ జట్టులో ధ్యాన్‌చంద్ కలడు. గోలు కాయుటలో రిచర్డ్ అలెన్ కలడు. సభ్యులలో ఎక్కువమంది ఆంగ్లో ఇండియనులు. మే నెల 17వ తేదీ మొదలుకొని భారత జట్టు ఆస్ట్రియాను 6 గోలులతోను, బెల్జియమును 9 గోలులతోను, డెన్మార్కును 5 గోలులతోను, స్విట్జర్లాండును 6 గోలులతోను ఓడించెను. మే 26న జరిగిన తుదిపోటీలో హాలెండును వారి సొంత నేలమీదనే 3 గోలులతో గెలిచెను. అయిదు ఆటలలో భారతదేశము మొత్తము 29 గోలులు చేయగా, మన గోలులోనికి ఒక్క బంతియైనను పోలేదు. ఒలింపిక్ క్రీడలలో భారతదేశమునకు లభించిన మొదటి బంగారు పతకము అదియే. దానిని సాధించిన జట్టునకు నాయకుడు ఒక ఆదివాసి.

కాని ఆ తుదిపోటీలో నాయకుడు మైదానమున లేడు. జట్టు నిర్వాహకునితో అభిప్రాయభేదము కలిగి ఆయన ఆ ఆట ఆడలేదు. నేడైనచో ఆటగానికి మనస్తాపము కలిగినప్పుడు చెప్పుకొనుటకు సంఘములు, విచారించుటకు నియమములు కలవు. ఆనాడు అట్టివి లేవు. నిర్వాహకుని మాటయే తుదిమాట. ఇష్టము లేనివాడు పక్కకు తొలగవలసినదే.

క్రీడలు ముగిసి జైపాల్ తిరిగి వచ్చిన పిమ్మట అధికారులు ఆయన శిక్షణను మరియొక సంవత్సరము చేయవలెనని ఆజ్ఞాపించిరి. దేశమునకు పతకము తెచ్చుట నేరమైనట్లు విధించిన ఆ శిక్షను ఆయన అంగీకరింపలేదు. ఐ.సి.ఎస్. ఉద్యోగమును వదలుకొనెను. పిదప కలకత్తాలో ఒక నూనె వర్తక సంస్థలో పనిచేయుచు, 1929లో మోహన్ బగాన్ క్రీడాసంఘమున హాకీ జట్టును నెలకొల్పెను. 1934లో ఆఫ్రికా ఖండమున నేడు ఘానా యని పిలువబడు దేశమునకు పోయి, అచిమోటా కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1937లో తిరిగివచ్చి రాయపూర్‌లోని రాజకుమార కళాశాలలో పనిచేసెను. రాజుల బిడ్డలు చదువు విద్యాలయమున పశువులు కాచిన బాలుడు గురువయ్యెను. తరువాత బికనీరు సంస్థానమున ఉద్యోగము చేసెను.

ఇంతవరకు ఆయన కథ ఒక్క మనుష్యుని విజయగాథ. ఇక్కడితో ఆగియుండినచో అది గొప్పదే యగును గాని, దానివలన టక్రా పల్లెలో పశువులు కాచు మరియొక బాలునకు ఒరుగునది స్వల్పము. జైపాల్ తన యింటివైపు చూపు త్రిప్పెను. ఛోటానాగపూర్ ఆదివాసుల పేదరికమును, వారిని ఇతరులు చూచు చులకనచూపును ఆయన కన్నులార చూచెను. 1939 జనవరిలో రాంచీలో జరిగిన ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యెను. నాటినుండి జనులు ఆయనను మరంగ్ గోమ్‌కే యని పిలువసాగిరి. ముండాల భాషలో దానికి పెద్దనాయకుడని అర్థము.

1946లో స్వతంత్ర భారతమునకు రాజ్యాంగము వ్రాయుటకై ఢిల్లీలో సభ యేర్పడెను. దేశమున కోట్లాదిగా నున్న ఆదివాసుల పక్షమున మాటాడువారు ఆ సభలో వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమంది. వారిలో జైపాల్ ఒకడు. డిసెంబరు 13న జవాహర్‌లాల్ నెహ్రూ రాజ్యాంగ లక్ష్యముల తీర్మానమును ప్రవేశపెట్టెను. 19వ తేదీన జైపాల్ దానిపై మాటాడ లేచెను.

తమ జనులను ఇతరులు ‘జంగ్లీ’ యని, అనగా అడవివాడని పిలుతురు. ఆ మాట ఆయన చిన్ననాటినుండి వినుచున్నదే. మరియొకడైనచో దానిని దాచుకొనియుండును. ఆక్స్‌ఫర్డు పట్టము, ఒలింపిక్ పతకము, ఆంగ్ల వేషము, ఇన్ని తెరలు ఆయనకు కలవు. కాని ఆయన ఆ తెరలను తొలగించి, తాను జంగ్లీ నని నిండుసభలో గర్వముగా చెప్పుకొనెను. నిందగా విసరిన మాటను చేత పట్టుకొని దానిలోని విషమును తీసివేసెను. ఆదివాసులే ఈ నేలకు మొదటి బిడ్డలనియు, వేల యేండ్లుగా వారు అన్యాయమునకు గురియైరనియు వివరించెను. కలిసి కూర్చుండి నిర్ణయించు ప్రజాస్వామ్య పద్ధతిని వారికి ఎవరును క్రొత్తగా నేర్పనక్కఱలేదనియు, దానిని వారి యొద్దనే నేర్చుకొనవలసియున్నదనియు తెలిపెను. ఇన్ని బాధలు పడియు, క్రొత్త భారతదేశమున అందరికిని సమానావకాశము లభించునని నెహ్రూ పలికిన మాటను నమ్ముచున్నామని సభవారికి తెలియజేసెను.

ఆ తరువాత మూడేండ్లు ఆయన ఆ సభలో హాకీ మైదానమున నిలిచినట్లే వెనుకవరుసను కాచెను. అడవిజాతి యను అర్థము వచ్చు హిందీ మాటలు తమకు వలదనియు, ఆదివాసి యను పేరే కావలెననియు వాదించెను. పేరులో నేమున్నదని కొందరు తలపవచ్చును. ఒకని నేమని పిలుచుచున్నామో దానినిబట్టియే వానిని మనము చూచు చూపు ఏర్పడును. శాసనసభలలో ఆదివాసులకు స్థానములు ప్రత్యేకింపబడవలెననియు, భూమియే వారికి ప్రాణమనియు ఆయన పలుమారులు సభకు గుర్తుచేసెను. ఆయన కోరినవి అన్నియు నెరవేరలేదు. రాజ్యాంగము వారిని షెడ్యూల్డు తెగలని పేర్కొనెను. అయినను 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన ఆ రాజ్యాంగమున పుట్టుకను, కులమును, జాతిని బట్టి ప్రభుత్వము భేదము చూపరాదను నియమము కలదు. శాసనసభలలో షెడ్యూల్డు తెగలకు స్థానములు కలవు. వారి ప్రాంతముల రక్షణకై అయిదవ షెడ్యూలు కలదు. మన ఏజెన్సీ గ్రామములకును ఆ షెడ్యూలే నేటికిని అండగా నున్నది.

ఛోటానాగపూర్ ప్రాంతమును ఝార్ఖండ్ అను ప్రత్యేక రాష్ట్రముగా చేయవలెనని జైపాల్ ఝార్ఖండ్ పార్టీని స్థాపించెను. 1952 ఎన్నికలలో ఆ పార్టీ బీహారు శాసనసభలో 32 స్థానములు గెలిచి ప్రధాన ప్రతిపక్షమాయెను. జైపాల్ లోకసభకు ఎన్నికై మరణించువరకు సభ్యుడుగా నుండెను. 1963లో ఆయన తన పార్టీని కాంగ్రెసులో కలిపివేసెను. అనుచరులలో పలువురికి ఆ పని నచ్చలేదు; రాష్ట్రమును రాలేదు. గొప్పవారి నిర్ణయములన్నియు ఫలించునని చెప్పరాదు. 1970 మార్చి 20న ఆయన ఢిల్లీలో కన్నుమూసెను. ముప్పది యేండ్ల పిదప, బిర్సా ముండా జయంతి దినమైన నవంబరు 15న, 2000వ సంవత్సరమున, ఝార్ఖండ్ రాష్ట్రము ఏర్పడెను. ఆ నేలయే పిదపకాలమున హాకీ ఆటగాండ్రకు పుట్టినిల్లయ్యెను. 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో కంచు పతకము గెలిచిన జట్టులోని మైకేల్ కిండో ఆ ప్రాంతపు ఆదివాసియే.

జైపాల్ జీవితమునుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఆయన అవమానమును తన ధైర్యముతో జయించెను. కాని ప్రతి బాలునకును అంతటి ధైర్యము ఉండవలెనని కోరుట న్యాయము కాదు. ఈతరానివాడు ఏటిలో పడినప్పుడు ఈత నేర్చుకొనవలసినదని ఒడ్డుననుండి చెప్పువాడు రక్షకుడు కాడు. నియమమనునది ధైర్యము లేనివానికి కూడ రక్షణ నిచ్చును.

ఈ సత్యమును ఆస్ట్రేలియా దేశము ఆలస్యముగా గుర్తించెను. ఆ దేశపు ఆదివాసులు ఫుట్‌బాలు ఆటలో మేటివారు. అయినను ప్రేక్షకులును, ఎదుటిజట్టువారును వారి శరీరవర్ణమును నిందించుట చిరకాలముగా సాగెను. 1993లో నికీ విన్‌మార్ అను ఆదివాసి ఆటగాడు, నిందించిన గుంపు యెదుట తన చొక్కా పైకెత్తి తన నల్లని మేనిని చూపుచు నిలిచెను. 1995లో మైకేల్ లాంగ్ అను మరియొక ఆటగాడు తనకు జరిగిన దూషణను సహింపక బహిరంగముగా ఫిర్యాదు చేసెను. ఆ యేడే అచటి ఫుట్‌బాల్ లీగు జాతిదూషణను నేరముగా ఎంచు నియమమును చేసెను. దాని ప్రకారము ఫిర్యాదు వచ్చినచో మొదట ఇరువురిని కూర్చుండబెట్టి మాటాడింతురు. సమాధానము కుదరనిచో విచారణసంఘము తీర్పు చెప్పును. దానితో దూషణ పూర్తిగ మాయము కాలేదు. కాని అది ఆటలో మామూలే యని త్రోసివేయుటకు ఇక వీలు లేకపోయెను. మన దేశమునను 1989లో షెడ్యూల్డు కులముల, తెగల వారిపై జరుగు అత్యాచారములను నివారించు చట్టము వచ్చెను. షెడ్యూల్డు తెగవానిని అవమానింపవలెనను బుద్ధితో ఇతరులు పదిమంది యెదుట దూషించుట ఆ చట్టము ప్రకారము శిక్షింపదగిన నేరము. ఆటస్థలము ఆ చట్టమునకు వెలుపల లేదు.

బాలబాలికలారా! చట్టము పెద్దది, దాని దాక పోకమునుపే పాఠశాలలో చేయదగిన పనులు కలవు. ఆట మొదలగుటకు ముందు, కాలు అడ్డుపెట్టరాదని చెప్పునట్లే, పుట్టుకను నిందింపరాదనియు ఆట నడుపువారు ఇరుజట్లకు చెప్పవలెను. నింద వినబడినచో ఆట నాపవలెను. బాధపడినవాడు చెప్పుకొనుటకు, జట్టు ఎంపికతో సంబంధము లేని ఉపాధ్యాయుడొకడు ఉండవలెను. ఏలయన, జట్టులో చోటు పోవునేమో యను భయముతో పిల్లలు నోరు విప్పరు. చెప్పినవానిని గొడవపడువాడని ముద్రవేయరాదు. తప్పు చేసినవాడు తప్పు తెలిసికొనునట్లు చేయవలెను. ఈ మాటలను కాగితముపై వ్రాసి, ఆటసామానుల గది తలుపునకు అంటించుటకు ధనము అక్కఱలేదు.

మైదానమున మీరు ఏ స్థానమున ఆడినను, ఒక పని మాత్రము మీ అందరిది. మీ ప్రక్కనున్నవానిపై నింద వచ్చి పడబోవునప్పుడు, జైపాల్ సింగ్ బంతిని ఆపినట్లు, దానిని ముందే పోల్చుకొని, మీరు పొరపాటు చేయక, అడ్డగింపుడు. అట్టివానికి చప్పట్లు లభింపకపోవచ్చును. కాని వాడు లేని జట్టు నిలువజాలదు.